మనోవర్తి చేను
(విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి పెద్దల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను మా అవ్వ గురించి, అంటే మా అమ్మ తల్లిని గురించి చెబుతాను. ఆమెది నెల్లూరు జిల్లాలో ఒక మెట్ట గ్రామం. చదువు లేదు. పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. 1914 సెప్టెంబరులో జర్మనీ వారి ఎమ్‌డెన్ ఓడ మద్రాసు మీద గుండ్లు కురిపించినప్పుడు, పట్నం నుంచి బంధువులు భయపడి వాళ్ళ ఊరికి వచ్చారట. "అప్పటికి నాకు దూడను పట్టుకునే ఈడు" అనేది. ఆ లెక్కన 1908 ప్రాంతంలో పుట్టి ఉండాలి. 1996లో కన్నుమూసింది.

ఇరవై అయిదేళ్ళు నిండేసరికే భర్త పోయాడు. చంకలో రెండేళ్ళ ఆడపిల్ల, మా అమ్మ. ఉమ్మడి కుటుంబంలో భర్త వాటా భార్యకు దక్కించే చట్టం 1937లో గాని రాలేదు. అంతకు ముందే భర్తను పోగొట్టుకున్న వారికి ఉన్నదల్లా మనోవర్తి, అంటే తిండికీ బట్టకూ ఇచ్చేది. కొన్నేళ్ళు ఆ ఇంట్లోనే చాకిరీ చేసింది. తరువాత పెద్దమనుషులు కూర్చుని ఎకరన్నర చేను ఆమెకు విడదీసి కాగితం రాయించారు. "బ్రతికి ఉన్నంత కాలం ఫలసాయం అనుభవించవలెను, అమ్ముటకు గాని దానమిచ్చుటకు గాని హక్కు లేదు, తదనంతరము మాకు చెందవలెను" అని షరతు.

ఆ చేనే ఆమె సంసారం. జొన్న, వేరుశనగ, గట్ల మీద కంది. కపిల తోలే మనిషి రాకపోతే తానే ఎద్దుల వెనక నడిచేది. తెల్లవారకముందే మజ్జిగ చిలికి, వెన్న కాచి నెయ్యి అమ్మేది. మా అమ్మ పెళ్ళి, పురుళ్ళు, నా హైస్కూలు ఫీజు అన్నీ ఆ ఎకరన్నరలోంచే వచ్చాయి.

కాగితం రేకు పెట్టెలో అడుగున ఉండేది. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడల్లా నాచేత పూర్తిగా చదివించుకునేది. "అమ్ముటకు హక్కు లేదు" అన్న చోటికి రాగానే, "ఇంకా అట్లాగే ఉందా నాయనా?" అని అడిగేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు.

1978లో మా చెల్లెలికి నర్సింగు శిక్షణలో సీటు వచ్చింది. నేను తపాలా శాఖలో చేరి ఐదేళ్ళు, జీతం ఇంటికే చాలేది కాదు. అవ్వ అర ఎకరం అమ్ముతానంది. కాగితం రాయించిన వైపు వారు వచ్చి, అమ్మితే కోర్టుకు వెళతామన్నారు. ఆ కాగితం తీసుకుని అవ్వా నేనూ నెల్లూరులో ఒక వకీలు గారి దగ్గరకు వెళ్ళాం.

ఆయన చదివి చెప్పింది ఇది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని. మరి పత్రంలో షరతు రాసి ఉంటే? ఈ ప్రశ్నే తులశమ్మ గారి కేసులో వచ్చింది. ఆమె భర్త 1931లో పోయాడు. 1944లో మనోవర్తి కోసం ఆమె ఎక్కిన కోర్టు నెల్లూరు మునసబు కోర్టే. 1949 రాజీలో ఆమెకు ఇచ్చిన ఆస్తికి ఇలాంటి షరతే పెట్టారు. ఆస్తి ఆమె అమ్మితే దావా పడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మనోవర్తి హక్కు కాగితం వల్ల కొత్తగా వచ్చినది కాదు, ముందునుంచీ ఉన్నదే, కాబట్టి దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి ఆమె సొంతమే అని 1977 మార్చిలో తీర్పు వచ్చింది.

అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది. "అయితే ఇరవై రెండేళ్ళ నుంచీ అది నాదేనా స్వామీ? మరి ఎవరూ చెప్పలేదేం?"

వకీలు గారు బదులు చెప్పలేక తల వంచుకున్నారు. అర ఎకరం అమ్మింది, చెల్లెలు చదువుకుంది. కోర్టుకు వెళతామన్న వారు వెళ్ళలేదు. మిగిలిన ఎకరం మా అమ్మ పేర వీలునామా రాసి వేలిముద్ర వేసింది. ఆ తరువాత పద్ధెనిమిదేళ్ళు బతికింది. పెట్టెలోని కాగితం మళ్ళీ ఎన్నడూ చదవమనలేదు.

మిత్రులారా, చట్టం ఇచ్చిన హక్కు ఆమె గడప దాకా రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. మన ఇళ్ళలో అలా జరగకూడదు. మన తరువాత కుటుంబ పెన్షన్ రావలసింది మన ఇల్లాలికి. పి.పి.ఓ. ఎక్కడుందో ఆమెకు తెలుసా? అందులో ఆమె పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయా? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా ఉందా? ఇంటి పత్రాలు ఆమె ఒక్కసారైనా చూశారా? "నువ్వు చూసి ఏం చేస్తావులే" అనకండి. ఈ రాత్రే పెట్టె తెరిచి చదివి వినిపించండి. అడిగిన ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పండి.