మైకు ముందు మెల్లగా పాడిన గొంతు



సాహిత్య సభలో గాయని గురించి అధ్యక్షోపన్యాసమేమిటని ఒక మిత్రుడు అడిగారు. రావు బాలసరస్వతీదేవి గురించి ఇక్కడే మాట్లాడాలని నా పట్టుదల. మన భావగీతం పుస్తకంలోంచి ఇంటి వసారాలోకి వచ్చింది ఆమెలాంటి వారి గొంతుల మీదే.

ఆమె పేరు చెప్పగానే అందరం 1943 దగ్గరికి పోతాం. 'భాగ్యలక్ష్మి' సినిమాలో భీమవరపు నరసింహారావు సంగీతంలో నటి కమలా కోట్నీస్‌కు పాడి తెలుగులో తొలి నేపథ్యగాయని అయ్యారు. అప్పటికి పదిహేనేళ్ల పిల్ల. నిజమే. కానీ ఆ ఒక్క మాటతో ఆమెను సరిపెట్టేస్తుంటే నాకు మనసొప్పదు.

ఆనాటి సినిమా పాట నాటకాల నుంచి వచ్చింది. పందిరి చివర కూర్చున్నవాడికీ వినబడాలి కాబట్టి నటులు గొంతెత్తి పద్యం అందుకునేవారు. మైకు వచ్చాక ఆ అవసరం తీరింది గానీ అలవాటు వెంటనే పోలేదు. బాలసరస్వతి ఆరేళ్లకే గ్రామఫోనుకు పాడారు. 1936లో సి. పుల్లయ్య పిల్లలతోనే తీసిన 'సతీ అనసూయ'లో నటించారు. మైకు ముందే పెరిగిన గొంతు అది. పక్కన కూర్చున్న మనిషితో చెప్పుకుంటున్నట్టు పాడుతుంది. 'ఇల్లాలు' సినిమాలో సాలూరు రాజేశ్వరరావుతో కలిసి ఆమె పాడిన బసవరాజు అప్పారావు గీతం వినండి. హ్రస్వం హ్రస్వంగానే ఉంటుంది, ఒత్తు ఎక్కడా నలగదు. రాగం కోసం మాటను సాగదీయరు. కవి రాసిన మాట కవి రాసినట్టే చెవిన పడుతుంది. దీన్ని నేను సాహిత్యసేవ అనే అంటాను.

లలిత సంగీతానికి రేడియోలో ఆమె తొలితరం గాయని. మద్రాసు కేంద్రం నుంచి, 1948లో విజయవాడ కేంద్రం వచ్చాక అక్కడి నుంచీ పాడారు. ఆ రోజుల్లో చాలా ప్రసారాలు అప్పటికప్పుడు పాడినవే. పాట అయిపోతే అయిపోయినట్టే, దాచుకునే వీలు లేదు.

1944లో కోలంక రాజావారితో పెళ్లి. ఆ తర్వాతా పాడారు. 1953 నాటి 'దేవదాసు'లో క్షేత్రయ్య పదం ఆమెదే. కానీ భర్తకు ఇష్టం లేక సినిమా పాట మానుకున్నారు. అంత చేవ ఉన్న గొంతు నిండు వయసులో సినిమాల్లో మూగబోయిందంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. 2025 అక్టోబరులో, 97 ఏళ్ల వయసులో, హైదరాబాదులో కన్నుమూశారు.

అలాంటి గొంతులు దాగిన పాత గ్రామఫోను ప్లేట్లు మీ ఇళ్లలో అటకల మీద ఉంటే దయచేసి పారేయకండి. ఒక్కో వైపు మూడు నిమిషాలే పాట, కానీ ప్లేటు కిందపడితే ముక్కలైపోతుంది. నేను ఒకటి తెచ్చాను, అంచు కాస్త విరిగింది. ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపిస్తే వినిపిస్తాను.