హద్దు ముగ్గు ఎవరు పోస్తున్నారు?

(నందిగామలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనకి దగ్గర్లోనే, జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో 2020 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి భూముల రీసర్వే ప్రారంభించారు. అప్పటికి యిది కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. బ్రిటిషు కాలపు సర్వే జరిగిన సుమారు వందేళ్ళకి మళ్ళీ కొలతలు మొదలయ్యాయి. గొలుసు పోయి డ్రోన్ వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం వూళ్ళలోని యిళ్ళను కూడా డ్రోన్ తోనే కొలిపించింది. పొలాల గురించి చాలామంది మాట్లాడారు. నేను యింటి గోడ గురించి మాట్లాడతాను.

పాత సర్వేలో గ్రామకంఠాన్నంతా ఒకే ముక్కగా చూపించి వదిలేశారు. అందుకే తరతరాలుగా కాపురముంటున్న యింటికి కూడా చాలామంది దగ్గర కాగితం లేదు. యిప్పుడు కాగితం రావడం మంచిదే. కానీ ఎవరి పేరున వస్తోంది?

డ్రోన్ ఏం చూస్తుందో ముందు అర్థం చేసుకోవాలి. పట్టణాల్లో పెద్ద భవనాల బయటి గోడల బీటలు వెతకడానికి డ్రోన్ ని గోడ పక్కగా ఎగరేస్తారు. వూరి సర్వేలో అలా చేయరు. ఆకాశం నుంచి తిన్నగా కిందికి ఫోటోలు తీసి, వాటిని కలిపి పటం చేస్తారు. అందులో పడేది యింటి కప్పే గానీ గోడ కాదు. చూరు గోడ దాటి ముందుకొస్తుంది. వేపచెట్టు వసారాని కప్పేస్తుంది. అందువల్ల డ్రోన్ ఎగిరే ముందే స్థలాల హద్దుల వెంట సున్నంతో గీత పోస్తారు. తర్వాత పటం పట్టుకుని యింటింటికీ వచ్చి సరిచూస్తారు. అంటే హద్దు చెప్పేది మనుషులే.

రోజూ వాకిట్లో ముగ్గు వేసేది మనం. హద్దు ముగ్గు పోసేరోజున మాత్రం మనం తలుపు వెనకో, కూలి పనిలోనో వుంటాం.

ఈ ప్రాంతంలోనే ఒక వూళ్ళో ఒకామెని కలిశాను. భర్త వదిలేసి పదేళ్ళయింది. కూలి డబ్బులు కూడబెట్టి వెనక గోడ కట్టించుకుంది. గీత పోసిన రోజు ఆమె మిరపకాయ కోతకి పోయింది. మరిది దగ్గరుండి గీత పోయించి తన పేరు రాయించుకున్నాడు. "నా యిల్లు ఫోటోలో పడిందంట అక్కా, నేను పడలేదు" అంది.

చట్టం లేక కాదు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, కాపురమున్న యిల్లు ఎవరి పేరున వున్నా అందులో వుండే హక్కు ఆమెకుంది. అత్తమామల పేరున వున్న యింటికీ అది వర్తించవచ్చని 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే వుండే హక్కు వేరు, యాజమాన్యం వేరు. కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది. కానీ 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయినవాళ్ళని అది వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ సవరణ నాటికే తండ్రి చనిపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తీర్పు వచ్చింది. యిన్నేళ్ళు పోరాడి తెచ్చుకున్న హక్కు సున్నం గీత దగ్గర ఆగిపోతే ఎలా?

అందుకని సంఘాలుగా మనం చేయాల్సిన పనులున్నాయి. కొలతల తేదీ ముందుగా దండోరా వేయించాలి. కూలికి పోయే స్త్రీలు యింట్లో వుండే వేళకే సరిచూడటానికి రమ్మని పట్టుబట్టాలి. ఆ బృందం వెంట సంఘం నుంచి యిద్దరు నడవాలి. ఒంటరి స్త్రీలు, వితంతువులు యింటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు జాగ్రత్త చేసుకునేలా చూడాలి. అభ్యంతరం నోటిమాటగా వదలకుండా గడువులోగా కాగితం మీద పెట్టి రసీదు తీసుకోవాలి. భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయమని గ్రామసభలో అడగాలి.

యంత్రానికి ఆడా మగా తేడా తెలియదు అంటున్నారు. నిజమే. ఆ తేడా బాగా తెలిసినవాళ్ళు పోసిన గీతనే అది ఫోటో తీస్తుంది. ఆ గీత పోసేరోజున మనం వాకిట్లో వుండాలి.