మొహమాటాన్ని ఒడ్డునే వదిలేద్దాం

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఏ ఆవకాయ కొలతలో, పిల్లల జలుబు సంగతో చెబుతానని అనుకుంటున్నారేమో. ఇవాళ నేను చెప్పబోయేది ఏటి ప్రయాణం గురించి. అదీ మామూలు ఏరు కాదు. కొండల నడుమ రాళ్ళ మీద నుంచి నురగలు కక్కుతూ దూకే ఏరు. అలాంటి ఏటిలో రబ్బరు పడవ మీద తలా ఒక తెడ్డు పట్టుకుని వెళ్ళడాన్ని రాఫ్టింగ్ అంటారు. "మనకెందుకమ్మా ఆ విడ్డూరం?" అంటారా? నేనూ మొదట ఆ మాటే అన్నాను.

మాది అమరావతి దగ్గర ఒక పల్లె. చిన్నతనంలో అమరేశ్వరస్వామి గుడి రేవులో మునకలు వేసినదాన్ని, బల్లకట్టు మీద కృష్ణ దాటినదాన్ని. అయినా నాకు ఈత రాదు. మా కాలంలో ఆడపిల్లకి ఈత ఎవరు నేర్పారు గనుక! పెళ్ళయి గుంటూరు వచ్చాక నీళ్ళంటే కుళాయి నీళ్ళే.

అలాంటి నా దగ్గరికి, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వచ్చి, "అమ్మా, నవంబరులో నేపాల్ వెళ్తున్నాం. త్రిశూలి నదిలో రాఫ్టింగ్" అంది. నా గుండె గుభేలుమంది. మా అత్తయ్యగారైతే "నీళ్ళతో చెలగాటమేమిటే?" అని కోప్పడ్డారు.

మా భయం ఊరికే వచ్చింది కాదు. 2017 నవంబరు 12, కార్తీక మాసం, ఆదివారం. మన ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమంలో హారతి చూడటానికి బయలుదేరిన పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు వాళ్ళు. 2019 సెప్టెంబరు 15, అదీ ఆదివారమే. పాపికొండలకి వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగి యాభై మంది దాకా పోయారు. అంతకుముందు 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో, బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగు కాలేజీ పిల్లలు 24 మంది, ఎగువన లార్జీ డ్యాము నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. అదీ ఆదివారమే. అందరూ సెలవురోజున సరదాగా బయలుదేరినవాళ్ళే.

ఇవన్నీ ఏకరువు పెట్టి "వద్దు" అన్నాను. అప్పుడు మా అమ్మాయి ఒక్క మాట అడిగింది. "అమ్మా, ఆమధ్య పిన్నీ వాళ్ళతో కృష్ణలో పడవ ఎక్కావు కదా, నీకు లైఫ్ జాకెట్ ఇచ్చారా?"

ఇవ్వలేదు. సగం మందికి లేవు. ఉన్నవాటిలో కొన్నింటికి తాళ్ళు లేవు. నాకు ఆ సంగతి కనబడుతూనే ఉంది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. నలుగురిలో బాగుండదని, చుట్టాలు పిరికిదని నవ్వుతారని ఊరుకున్నాను. ఆరోజు ఏమీ కాలేదు. కాకపోవటం మా అదృష్టమే గాని మా తెలివి కాదు.

చూశారా! బజారులో బెండకాయ కొన తుంచి చూడందే కొనం. చీర అంచు వెలుతుర్లో పరిచి చూడందే డబ్బివ్వం. అలాంటిది ప్రాణం పెట్టి ఎక్కే పడవ దగ్గర మాత్రం నోరు మెదపం. మనల్ని ముంచేది ఏరు కన్నా ముందు మన మొహమాటం. ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున్నే అమ్మాయితో అన్నాను. "సరే, వెళ్దాం. నేనూ వస్తాను. కాని ఏర్పాట్లన్నీ నేను అడిగి చూస్తాను."

2006 జనవరిలో కాలచక్రకి హిమాలయ ప్రాంతాల నుంచి ఎంతమంది మన అమరావతికి వచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. ఎర్రటి ఎండ, కొత్త తిండి, తెలియని భాష. అయినా వచ్చారు. వాళ్ళ కొండల్లోకి మనం వెళ్ళటానికి జంకెందుకు అనిపించింది. పైగా నేపాల్ అంటే మనవాళ్ళకి పశుపతినాథుడు, ముక్తినాథుడు. మా అత్తయ్యగారికి పశుపతినాథ్ ప్రసాదం తెస్తానని మాటిచ్చి ఒప్పించాను.

ఇక ఏర్పాట్ల సంగతి. కొండ ఏటి ఉరవడిని ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కిస్తారు. ఒకటి అంటే మన కాలువ లాంటిది. ఆరు అంటే దాదాపు ఎవరూ దిగకూడనిది. త్రిశూలిలో కొత్తవాళ్ళని తీసుకెళ్ళే భాగం వానలు తగ్గాక మూడో తరగతి, అక్కడక్కడ కొంచెం ఎక్కువ. ఇంకో సౌకర్యం, ఖాట్మండు నుంచి పోఖరా వెళ్ళే పెద్ద రోడ్డు చాలా దూరం ఆ ఏటి పక్కనే పోతుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే వాహనం దగ్గర్లోనే ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇలాంటి ఏరునే ఎంచుకోవాలి.

రోజులు కూడా ముఖ్యమే. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు నెలలు. మళ్ళీ మార్చి నుంచి మే దాకా మంచి అదను. వానాకాలంలో చవగ్గా వస్తుందని వెళ్ళకండి. ఏరే కాదు, దారి కూడా ప్రమాదమే. 2024 జులై 12న కొండచరియలు విరిగిపడి అరవై మందికి పైగా ప్రయాణికులున్న రెండు బస్సులు ఆ త్రిశూలిలోనే పడిపోయాయి.

రెండు కంపెనీలకి ఒకే రకంగా ప్రశ్నలు రాసి పంపాను. మా గైడుకి ఏ శిక్షణ ఉంది? పడవకి ఎంతమందిని ఎక్కిస్తారు? పడవ వెంట, నీళ్ళలో పడ్డవాళ్ళని తీయటానికి వేరే చిన్న పడవ మీద మనిషి వస్తాడా? అందరి కొలతలకీ సరిపోయే జాకెట్లు, హెల్మెట్లు ఉన్నాయా? ఆరోజు ఏరు పొంగి ఉంటే ప్రయాణం ఆపేది ఎవరు? ఆపితే డబ్బు తిరిగిస్తారా?

ఆఖరి ప్రశ్న చదివి మావారు "పిసినారి ప్రశ్న" అని నవ్వారు. కాదండీ! అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే. డబ్బు తిరిగివ్వననే మనిషికి ఏరు ఎలా ఉన్నా పడవ వదలాలనే ఉంటుంది. డబ్బు పోతుందంటే మనకీ ఎక్కాలనే ఉంటుంది. కచ్చులూరు దగ్గర ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. వెళ్ళొద్దని గట్టిగా అనగలిగిన మనిషి ఒక్కడుంటే చాలు కదా!

ఒక కంపెనీ నుంచి "అంతా సేఫ్ మేడమ్, కంగారు పడకండి" అని ఒక్క ముక్క వచ్చింది. రెండో కంపెనీ ప్రతి ప్రశ్నకీ విడివిడిగా జవాబిచ్చింది. వాళ్ళ రేటు కొంచెం ఎక్కువ. అయినా వాళ్ళనే కుదుర్చుకున్నాం. కంగారు పడొద్దన్నవాడి కన్నా, ఎందుకు పడనక్కర్లేదో చెప్పినవాడే నమ్మదగ్గవాడు.

కాగితాల విషయం కూడా చెబుతాను. నేపాల్ వెళ్ళటానికి మనకి వీసా అక్కర్లేదు. అయితే విమానంలో వెళ్ళే పెద్దవాళ్ళు పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని చూపాలి. ఆధార్ కార్డు సాధారణంగా సరిపోదు. మన నోట్లలో ఏవి, ఎంతవరకు తీసుకెళ్ళవచ్చో నిబంధనలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు కనుక్కోండి. ప్రయాణ బీమా తీసుకుంటే, అందులో ఇలాంటి సాహస క్రీడలు చేరి ఉన్నాయో లేదో చదివి చూడండి. చాలావాటిలో చేరవు.

ఒంటి సంగతి దాచిపెట్టకండి. గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషను, గర్భం ఉన్నవాళ్ళు దిగనే కూడదు. బీపీ, మోకాళ్ళ నొప్పి, మూర్ఛ ఉంటే డాక్టరుని అడిగి, గైడుకి కూడా చెప్పాలి. ఈత రాకపోతే ఆ మాట ముందే చెప్పాలి. బహిష్టు రోజులు పడతాయేమో లెక్క చూసుకుని తేదీ పెట్టుకుంటే హాయి.

చీరె, చున్నీ పనికిరావు. నూలు బట్టలు తడిసి బరువెక్కుతాయి, చలి పుట్టిస్తాయి. త్వరగా ఆరే బట్టలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. కళ్ళజోడుకి తాడు కట్టుకోవాలి. గాజులు, గొలుసులు ఇంట్లోనే ఉంచాలి. మంగళసూత్రం తీయటం ఇష్టం లేని నాలాంటివాళ్ళు పొట్టి పసుపుతాడుకి మార్చుకుని, జాకెట్‌లో చిక్కుకోకుండా లోపలికి దోపుకోవచ్చు.

నవంబరు రెండో వారంలో వెళ్ళాం. శివుడు త్రిశూలంతో పొడిస్తే గోసాయికుండం దగ్గర పుట్టిన నీళ్ళని ఆ ఏటికి ఆ పేరొచ్చిందట. అమరేశ్వరుడి రేవులో పెరిగినదాన్ని, మళ్ళీ శివుడి ఏటి దగ్గరికే వచ్చాననుకున్నాను. ఆకుపచ్చటి నీళ్ళు. చెయ్యి పెడితే జివ్వుమంది.

గైడు ఇరవై అయిదేళ్ళ కుర్రాడు. వచ్చీరాని హిందీలో మాట్లాడుకున్నాం. ఒక్కొక్కరి జాకెట్ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. చెవులదాకా జరిగితే వదులుగా ఉన్నట్టేనట. తెడ్డు పైకొన మీద చెయ్యి వదలొద్దన్నాడు. వదిలితే పక్కవాళ్ళ పళ్ళు రాలతాయట. నీళ్ళలో పడితే వెల్లకిలా తేలి, కాళ్ళు ప్రవాహం వైపు చాపి ఉంచాలి. పారే నీళ్ళలో నిలబడాలని చూడకూడదు. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే నీటి ఒత్తిడికి మనిషి లేవలేడు. తాడు విసిరితే పట్టుకోవాలి గాని చేతికి చుట్టుకోకూడదు. ఇవన్నీ ఒడ్డునే మా చేత చేయించాడు.

మాతో వచ్చిన ఒక పెద్దమనిషి హెల్మెట్ పెట్టుకోనన్నాడు. ఉక్క అన్నాడు. గైడు గట్టిగా ఏమీ అనలేదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పడవ కదల్లేదు. అయిదు నిమిషాలు చూసి ఆ పెద్దమనిషే పెట్టుకున్నాడు. ఆ అయిదు నిమిషాలు నేను మరచిపోలేను. అంత చిన్నవాడికి, అంత డబ్బిచ్చినవాళ్ళ ముందు, అంత ధైర్యం!

మూడో ఉరవడిలో పడవ ముక్కు పైకి లేచింది. ఒక్క అల. తల తిప్పి చూస్తే పక్కన మా అమ్మాయి లేదు. నీళ్ళలో ఎర్ర హెల్మెట్ కనబడింది, పడవకి చేతికందే దూరంలో. అరవటానికి నాకు గొంతు రాలేదు. చేతులు మాత్రం ఒడ్డున నేర్చుకున్న పని చేశాయి. దాని జాకెట్ భుజాలు రెండూ పట్టుకుని వెనక్కి పడ్డాను. పిల్ల వచ్చి నా మీద పడింది. అది పకపకా నవ్వుతోంది. నేను ఏడుస్తున్నాను. గైడు మాత్రం "బాగా చేశావు అమ్మా" అని తెడ్డు అందించాడు.

ఆ జాకెట్ వదులుగా ఉండి ఉంటే నా చేతిలో జాకెట్ మిగిలేది, పిల్ల కాదు. ఈ మాట ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది.

అందరూ నేపాల్ వెళ్ళండని చెప్పటానికి నేను ఇంత కథ చెప్పలేదు. వెళ్ళగలిగితే సంతోషమే. కాని మన కృష్ణ, మన గోదావరి ఇక్కడే ఉన్నాయి. చూడటానికి నెమ్మదిగా ఉండే కృష్ణే 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువన డ్యాముల్లో గేట్లు ఎత్తితే మన రేవుకి ఎన్ని నీళ్ళొస్తాయో ఒడ్డున నిలబడితే తెలియదు. కార్తీక స్నానాలకో, దీవి మీద వనభోజనాలకో పిల్లాపాపలతో పడవ ఎక్కేది మనమే. కాబట్టి ఎక్కే ముందు అడగండి. ఎంతమందికి అనుమతి ఉంది? ఎంతమందిని ఎక్కించారు? అందరికీ జాకెట్లు ఉన్నాయా? ఇస్తే ఒళ్ళో పెట్టుకోకండి, ఉక్కగా ఉందని విప్పకండి. మనం వేసుకుంటేనే పిల్లలు వేసుకుంటారు. సరైన జవాబు రాకపోతే దిగిపోండి. చుట్టాలు నవ్వితే నవ్వనివ్వండి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మలం మనమే అడగకపోతే, మన పిల్లల కోసం ఇంకెవరు అడుగుతారు?

మా అత్తయ్యగారు ప్రసాదం కళ్ళకద్దుకుని, కథంతా విని, చివరికి ఒక్కటే అడిగారు. "ఈసారి కార్తీకానికి పవిత్ర సంగమం వెళ్దామా? జాకెట్ సంగతి నువ్వు అడుగుదువుగాని."