యంత్రములకును గ్రంథాలయము



గ్రంథాలయ మనగానే బీరువాలును, పుస్తకములును, చదువరులును మనస్సునకు వచ్చుట సహజము. కంప్యూటరులకు ప్రోగ్రాములు వ్రాయువారు సైతము తమ పనిముట్లలో ఒకదానికి లైబ్రరీ యనియే పేరు పెట్టుకొనిరి. ఇది వట్టి పోలిక కాదు. తొలినాళ్లలో దానికి నిజముగనే ఒక బీరువా ఉండెను.

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను కంప్యూటరు తన మొదటి లెక్కను చేసెను. దానిని నిర్మించిన బృందమునకు నాయకుడు మారిస్ విల్క్స్. ఆ యంత్రమునకు ఆజ్ఞలన్నియు కాగితపు పట్టీపై రంధ్రములుగా పొడిచి అందింపవలసి యుండెను. వర్గమూలము కావలసిన ప్రతివాడును ఆ ఆజ్ఞలను మొదటినుండి తానే కూర్చుకొన్నచో కాలము వ్యర్థమగుటయే గాక తప్పులును దొర్లును. అందుచే డేవిడ్ వీలర్ మొదలగువారు తరచు కావలసిన లెక్కలకు పట్టీలను ముందే సిద్ధపరచి, పరీక్షించి, ఉక్కు బీరువాలో భద్రపరచిరి. కావలసినవారు ఆ పట్టీకి నకలు తీసి తమ ప్రోగ్రాములో చేర్చుకొనెడివారు. 1951 నాటికి అట్టివి 87 సమకూడెను. ఎరువిచ్చిన పుస్తకము ఒక్కరి చేతిలోనే ఉండును. ఈ నకలు ఎందరి చేతనైనను ఉండును.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యునిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును ఆరంభించిరి. ఆపరేటింగ్ సిస్టమనగా యంత్రమునకును, అందు నడచు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పనులు పంచిపెట్టు పెద్ద ప్రోగ్రాము. రిచీ రూపొందించిన సీ భాషకు తోడుగా అచట ఒక ఫంక్షనుల లైబ్రరీ పెరిగెను. ఫంక్షననగా పేరు పెట్టి పిలిచినంతనే ఒక పని చేసిపెట్టు చిన్న ప్రోగ్రాము. అక్షరములను తెరపై వ్రాయుటకు ప్రింటెఫ్, వేళ తెలిసికొనుటకు టైమ్, వరుసగా పేర్చుటకు క్యూసార్ట్ అట్టివి. 1989లో అమెరికా ప్రమాణముల సంస్థ వీనికి ప్రామాణిక రూపము నిర్ణయించెను. అందువలన ఒక యంత్రమునకై వ్రాసిన ప్రోగ్రామును వేరొక యంత్రముపై నడుపుట సులభమయ్యెను.

ఐతే ఊరివారందరు ఒకే బావి నీరు త్రాగునప్పుడు ఆ బావిలోని దోషము అందరికిని సోకును. ఆ లైబ్రరీలో గెట్స్ అను ఫంక్షను ఉండెను. వెలుపలినుండి వచ్చిన పంక్తిని తెచ్చి, ప్రోగ్రాము చూపిన స్థలమున నింపుట దాని పని. ఆ స్థలమెంతయో అది అడుగదు. చెప్పుటకు వీలును లేదు. మానెడు పట్టు పాత్రలో కుంచెడు ధాన్యము పోసినచో మిగిలినది నేలపాలగును. ఇచ్చట మిగిలిన అక్షరములు ప్రక్కనున్న చోటును ఆక్రమించి, యంత్రము తరువాత చేయవలసిన పని ఎక్కడ నున్నదో తెలుపు గుర్తును సైతము మార్చివేయగలవు.

1988 నవంబరు 2న ఇంటర్నెట్టుపై ఒక వర్మ్ విడువబడెను. వర్మ్ అనగా తన నకళ్లను తానే వ్యాపింపజేసికొను ప్రోగ్రాము. అది యంత్రములలో చొరబడిన దారులలో గెట్స్ ఒకటి. 512 అక్షరములు పట్టు చోట అంతకంటె ఎక్కువ పోసి, ఆ గుర్తును తనకు అనుకూలముగా మార్చుకొనెను. పెక్కు విశ్వవిద్యాలయముల యంత్రములు స్తంభించెను.

ఇంత జరిగినను మరుసటి యేటి ప్రమాణమున గెట్స్ నిలిచియే యుండెను. దానిపై ఆధారపడిన పాత ప్రోగ్రాములు అనేకము. తీసివేసినచో అవి చెడును. ఎన్ని అక్షరములు తేవచ్చునో ముందుగా చెప్పించుకొను ఎఫ్‌గెట్స్ అను మేలైన ఫంక్షను ప్రక్కనే యుండెను. అయినను గెట్స్‌ను తొలగించుటకు 2011 నాటి ప్రమాణము రావలసివచ్చెను.

గ్రంథాలయములను నడుపువారికి ఈ చరిత్రమున ఒక హితవు కలదు. మంచిదానిని కూడబెట్టుట సంతోషకరమైన పని. చెడినదానిని తీసివేయుట కష్టము. ఏలయన దానికి అలవాటుపడినవారు నొచ్చుకొందురు. ఆలస్యమైనకొలది ఆ కష్టము పెరుగునే గాని తరుగదు.

నేడు ఫోనును చేతబట్టిన ప్రతివానికిని ఇట్టి లైబ్రరీలు సేవ చేయుచున్నవి. వ్రాసినవా రెవరో వాడువారికి తెలియదు. వాడువారెవరో వ్రాసినవారికి తెలియదు. వారి నడుమనున్న నమ్మకమును కాపాడువాడే గ్రంథపాలకుడు. గ్రంథము బీరువాలో నున్నను, యంత్రములో నున్నను ఆ ధర్మము ఒక్కటియే.