దైవదత్తమైన అధికారం

అధికారాన్ని గురించి క్రైస్తవుల వేదగ్రంథంలో రెండు మాటలున్నవి. పక్కపక్కన పెట్టి చూచిన పాఠకుడు ఇరకాటంలో పడక తప్పదు. రోమా నగరపు విశ్వాసులకు వ్రాసిన లేఖ పదమూడవ అధ్యాయంలో పౌలు పైఅధికారులకు లోబడవలెననీ, దేవునివలన కలుగని అధికారం లేదనీ బోధించాడు. అపొస్తలుల కార్యముల అయిదవ అధ్యాయంలో పేతురు యెరూషలేము మహాసభ యెదుట నిలబడి, మనుష్యుల ఆజ్ఞకంటె దేవుని ఆజ్ఞయే తమకు ముఖ్యమని చెప్పి దెబ్బలు తిన్నాడు. ఇద్దరూ ఒకే మతానికి ఆదిపురుషులు. ఇద్దరూ రోమను ప్రభుత్వం చేతనే హతులైనారని సంప్రదాయం. మరి మనం ఎవరి మాట పట్టుకోవలెను?

రాజులు పౌలు మాటను పట్టుకున్నారు. పేతురును వారు తలచుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇంగ్లండును ఏలిన మొదటి జేమ్సు రాజు తాను దేవునికి తప్ప మరెవరికీ జవాబుదారు కానని వాదించాడు. ఆ పట్టుదలనే వారసత్వంగా పొందిన ఆయన కుమారుడు మొదటి చార్లెసు 1649లో శిరచ్ఛేదానికి గురి అయినాడు. ఆ శిక్ష విధించినవారు కూడ బైబిలు చేతబట్టినవారే!

మా దృష్టిలో చిక్కు విడదీసేది ‘దత్తం’ అన్న మాట. ఇచ్చినవాడొకడు ఉన్నాడంటే లెక్క అడిగేవాడొకడు ఉన్నాడన్నమాట. ఇశ్రాయేలీయులు తమకూ ఒక రాజు కావలెనని పోరినప్పుడు వృద్ధుడైన సమూయేలు ప్రవక్త ఏమని హెచ్చరించాడు? రాజు మీ కుమారులను రథాల ముందు పరుగెత్తిస్తాడు, మీ కుమార్తెలచేత వంటలు చేయిస్తాడు, మీ మంచి పొలాలు తన ఉద్యోగులకు పంచిపెడతాడు అన్నాడు. వారు వినలేదు. సౌలు అభిషిక్తుడైనాడు, హద్దు మీరినందున అదే సమూయేలు నోట త్రోసివేయబడ్డాడు. తరువాత వచ్చిన దావీదు దేవునికి ప్రీతిపాత్రుడే. అయినను పరుని భార్యను అపహరించినప్పుడు నాతాను ప్రవక్త రాజసభకు పోయి, ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, ఆ దోషి నీవే అని ముఖం మీద అనగలిగాడు. దైవదత్తమన్నది రాజుకు కవచం కాలేదు సరికదా, ప్రవక్త చేతికి అదే ఆయుధమైనది.

ఈ సంగతి కృత్తివెన్ను ప్రాంతపు రైతుకు వేదాంతం లేకుండానే తెలుసును. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయినది మొదలు కాలువ చివరి భూములకు నీరు అందడం ఎగువ తూముల మీద ఆధారపడినది. తూము దగ్గర లస్కరు ఉంటాడు. తలుపు ఎత్తేదీ దింపేదీ అతడే. ఆ క్షణాన అతని అధికారం జిల్లా కలెక్టరుకు కూడ లేదు. అయితే నీరు అతనిది కాదు, కాలువ అతనిది కాదు. శివారు మడి ఎండితే అతనిమీద ఫిర్యాదు పోతుంది. శిలువ వేయించే అధికారం తనకున్నదని బెదిరించిన పిలాతుకు యేసు చెప్పిన సమాధానం కూడ ఇట్టిదే: పైనుండి ఇవ్వబడకపోతే నీకది ఉండేది కాదు అని.

ఈ బోధ దివిసీమ, బందరు, గుడివాడ ప్రాంతాలలో ఎట్లు పరీక్షకు నిలిచినదో చూడవలెను. రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అనే మిషనరీలు 1841లో బందరు చేరారు. 1843లో నోబులు స్థాపించిన పాఠశాలయే తరువాత నోబుల్ కళాశాల అయినది. పైఅధికారానికి లోబడుడని వారు బోధించినప్పుడు ఆ పైఅధికారం దొరలదే, దేవాలయంలోనూ దొరలదే. బోధించేవారికి అందులో కష్టమేమీ లేదు. అధికారం చేయి మారినప్పుడు గదా అసలు పరీక్ష!

తిరునెల్వేలి సీమలో 1874లో జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1909లో తెలుగు దేశానికి మిషనరీగా వచ్చి దోర్నకల్లులో కాపురం పెట్టాడు. మరుసటి యేడు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీయ మిషనరీకీ స్వదేశ సేవకునికీ మధ్యనున్నది యజమానికీ జీతగానికీ ఉండే సంబంధమేననీ, తమకు కావలసినది స్నేహమనీ నిర్మొహమాటంగా చెప్పాడు. సభలో కొందరికి కోపం వచ్చినది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయన. తెల్లవారు నల్లవానికి లోబడుదురా అన్న సందేహం ముందే పుట్టినందున ఆయనకు మొదట ఇచ్చిన మండలం చాల చిన్నది. 1920 తరువాత ఆ మండలం విస్తరించి కృష్ణాతీరపు మిషను ప్రాంతాలు అందులో చేరినవి. అప్పుడు బందరులోని ఆంగ్లేయ మిషనరీలు ఒక భారతీయుని ఆజ్ఞకు బద్ధులైనారు. తమ పూర్వులు ఎనభై ఏండ్లు బోధించిన పాఠాన్ని ఇప్పుడు తామే ఒప్పగించవలసి వచ్చినది.

దానికంటె గొప్ప మార్పు పల్లెలలో జరిగినదని మేమనుకొంటాము. డెల్టాలో ఈ మతంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ పాలేళ్ళు, కూలీలు. ఊరి పెత్తనం భూమి ఉన్నవారిది; కూలివాని నోట మాట కూడ వారి సెలవు మీదనే. అట్టివారికి బాప్తిస్మమిచ్చేటప్పుడు అజరయ్య వారి చేతులు వారి తలల మీదనే పెట్టించి, సువార్త ప్రకటించకుంటే తమకు శ్రమ అని ఒక్కొక్కరిచేత పలికించేవాడు. సాధారణంగా అభిషేకమంటే మరొకరి చేయి తలమీద పడవలెను. ఇక్కడ అక్షరం రాని పాలేరు చేయి పాలేరు తలమీదనే పడినది! ఆ పల్లెలలో ‘సంఘ పెద్ద’ అన్న మాట పుట్టినది. తరతరాలుగా ‘ఒరే’ అన్న పిలుపే ఎరిగిన మనిషికి ‘పెద్ద’ అన్న పేరు వచ్చిన నాడు అతని ఇంటిలో ఏమనుకొని ఉంటారో మనం ఊహించుకోవచ్చును.

1945 జనవరి 1న అజరయ్య మరణించాడు. ఆయన పాటుపడిన సంఘైక్యం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో నెరవేరి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినది. ఆ చర్చలు ఇరవై ఎనిమిదేండ్లు సాగడానికి ముఖ్యకారణం ఈ అధికారపు ప్రశ్నయే. బిషప్పు చేయి పడనిదే గురువు గురువు కాడని ఆంగ్లికనులు, అధికారం సభ్యులందరిదీ అని కాంగ్రిగేషనలు శాఖవారు పట్టుబట్టారు. తుదకు బిషప్పులుందురు గాని నిబంధనలకు బద్ధులై, సంఘం ఎన్నుకొన్నవారై ఉండవలెనని సమాధానపడ్డారు. అంతకుముందే గురువులైనవారికి మళ్ళీ అభిషేకం అక్కరలేదన్నారు. బందరు సీమ కృష్ణా–గోదావరి అధ్యక్ష మండలంలో చేరినది.

ఎన్నిక వచ్చినచోట తగాదా రాకపోదు. ఈ సంఘంలో పదవుల వ్యాజ్యాలు న్యాయస్థానాలకెక్కినవి. 2023లో మోడరేటరు ఎన్నికను మద్రాసు హైకోర్టు కొట్టివేసినది. విశ్వాసులు ఒకరిపై ఒకరు కోర్టుకు పోవడాన్ని కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో పౌలు తీవ్రంగా నిందించాడు. అయితే రోమీయులకు వ్రాసిన లేఖను బట్టి ఆ న్యాయమూర్తి అధికారం కూడ దైవదత్తమే. ఆరాధన ముగిసిన తరువాత సంఘ పెద్దలు చాపమీద కూర్చుని కానుకల లెక్క చదివే పల్లె దేవాలయాలు ఈ డెల్టాలో నేటికీ ఉన్నవి. ఆ లెక్క నలుగురికీ వినబడేటట్లు చదివినచోట వ్యాజ్యం పుట్టడం అరుదు.