ఎక్సు-రే గదిలో రోగి - విద్యార్థి



విశాఖపట్టణమును జూడవచ్చు పల్లెవారిని రెండు వస్తువులు విశేషముగా ఆకర్షించును. ఒకటి 1933లో తెరువబడిన నౌకాశ్రయము; రెండవది 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము. ఓడల పనిలోను, ఉక్కు పనిలోను ఇనుమును అతికిన పిమ్మట, అతుకులోని బీటలను కనిపెట్టుటకు ఎక్సు కిరణములను వాడుట కలదు. ఆ కిరణములనే ఆసుపత్రిలో మనుష్యదేహముపై ప్రసరింపజేయుదురు. ఇనుమునకు నొప్పి లేదు, సిగ్గు లేదు, భయము లేదు. మనుష్యునకు మూడును గలవు. ఎక్సు-రే పని నేర్వవచ్చు విద్యార్థులకు నేను మొట్టమొదట చెప్పు పాఠమిదియే.

ఈ నగరమున 1923లో వైద్యకళాశాల నెలకొనెను. దానినే నేడు ఆంధ్ర వైద్య కళాశాల యందురు. అంతకు 28 సంవత్సరములకు ముందు, 1895 నవంబరులో, జర్మనీ దేశమున రాంట్గెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరులోనే ఆయన తన భార్య చేతి ఛాయను పట్టెను. అందు వ్రేళ్ల యెముకలును, ఉంగరమును స్పష్టముగా గానవచ్చెను. మాంసమును దాటిపోవు కిరణములను ఎముక కొంతవరకును, లోహము మిక్కిలిగాను అడ్డగించును. శాస్త్రమంతయు ఈ నీడలోనే యున్నది.

ఈ విద్యకు కొన్ని పారిభాషిక పదములు గలవు. ఫ్రాక్చరనగా ఎముక విరుగుట. డిస్లొకేషననగా కీలు తొలగుట. లేటరలనగా ప్రక్కనుండి తీసిన చిత్రము. ఇవి కంఠస్థము చేయుట కష్టము గాదు. రోగి మాటను గ్రహించుటయే కష్టము. మన భాషలో భుజము మొదలు వ్రేళ్లవరకు అంతయు చేయియే. తుంటి మొదలు పాదమువరకు అంతయు కాలే. “కాలు నొప్పి” యన్నవానిని “ఎచ్చట నాయనా? వ్రేలితో చూపుము” అని యడుగని విద్యార్థి, మోకాటికి బదులు చీలమండను తీయగలడు. కుడియెడమలును అట్టివే. రోగి మన కెదురుగా నున్నపుడు అతని కుడి మనకు ఎడమగును. కావుననే చిత్రముపై కుడియెడమల గుర్తు నుంచవలెనను నియమ మేర్పడినది. పేరు, వయస్సు, తండ్రి పేరు రోగి నోటనే చెప్పించుకొనవలెను. ఒకే పేరుగలవారు ఒకే యూరినుండి ఇద్దరు వచ్చుట అరుదు గాదు.

రొమ్మును పలకకు ఆనించి నిలువబెట్టి, వీపు వైపునుండి కిరణమును పంపుట ఎందులకని పెద్ద లడుగుదురు. దీపము ముందర చేయి నుంచి చూడుడు. గోడకు దగ్గరగా నున్న చేతి నీడ సరిగా నుండును. దూరమైన కొలదిని పెద్దదగును. గుండె రొమ్మువైపునకు దగ్గరగా నుండును గనుక, రొమ్ము పలకను తాకిననే దాని నీడ సహజప్రమాణమున కానవచ్చును. ఊపిరి నిండ పీల్చి బిగబట్టుమనుటకును కారణము గలదు. అప్పుడు ఊపిరితిత్తులు విచ్చుకొనును. కదలిక యుండనందున నీడ చెదరదు. ఈ మాటను మొదటనే రోగికి తెలిసిన తెలుగులో చెప్పి, ఒకసారి చేయించి చూడవలెను. చెప్పక తొందరపెట్టినచో వృద్ధుడు బెదరి కదలును. చిత్రము చెడును, మరల తీయవలసి వచ్చును, అతని దేహమునకు రెండవసారి కిరణము సోకును. కనుక మంచిమాట మర్యాద మాత్రమే గాదు. అది రోగికి రక్షణ గూడ.

ఆభరణముల విషయము సున్నితమైనది. తాయెత్తు, మొలత్రాడు, మంగళసూత్రము చిత్రమున అడ్డు రావచ్చును. సూత్రమును తీయుటకు మనస్సొప్పని యొక ముసలమ్మను నా విద్యార్థిని యొకతె కసరలేదు. పసుపుకొమ్ము కట్టిన దారమును ముందు మెడలో వేయించి, పిదప సూత్రమును తీయించి ఆమె చేతికే యిచ్చినది. పని రెండు నిమిషములు ఆలస్యమైనది. ముసలమ్మ కంట నీరు రాలేదు.

ఈ కిరణములు కంటికి కానరావు, చర్మమునకు తెలియవు. తొలినాళ్లలో వీని స్వభావ మెరుగక పనిచేసిన అమెరికావాసి క్లారెన్సు డాలీ, చేతులు పాడై, 1904లో మరణించెను. నేడు పద్ధతులు మారినవి. రొమ్మునకు ఒకసారి తీయు సామాన్య చిత్రమున సోకునది, భూమ్యాకాశములనుండి కొలదిదినములలో మనకు సహజముగా చేరు కిరణముపాటిదే. సీ.టీ. పరీక్షలో అంతకు అనేకరెట్లు సోకును. అవసరమైనచో భయపడి మానరాదు. అవసరము లేనిచో సరదాకు తీయించుకొనరాదు. గర్భము కలదేమో యని స్త్రీని తప్పక అడుగవలెను. నలుగురిలో అడిగినచో క్రొత్తకోడలు సిగ్గుచే తల అడ్డముగా నూపును. ఆడుదానిచేత, చాటున, మెల్లగా అడిగింపవలెను. గర్భస్థశిశువు తనకై తాను మాటాడలేదు గదా!

గ్రామపెద్దలైన మీకు నా మనవి యిది. రోగిని తీసికొనిపోవునపుడు పాత చిత్రములను వెంట గొనిపొండు. గర్భమును దాచవలదని ఇంటి ఆడువారికి చెప్పుడు. చిత్రము తీయు సమయమున, మిమ్ము కోరిననే తప్ప, గదిలో నిలువకుడు. మీ మనుమడు ఈ విద్యకు బోవునేని, యంత్రమును గురించి వానికి గురువులు చెప్పుదురు. ముసలివారిని లేవనెత్తునపుడు చేయి ఎచ్చట వేయవలెనో, ఏమని పిలువవలెనో మీరు ఇంటనే నేర్పి పంపుడు. సెలవు.