లెక్కల చదువు – ఇంటి మాట
(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



మన బిడ్డలు తక్కిన చదువులలో నిలిచియు గణితమున వెనుకబడుచున్నారని తల్లిదండ్రులు మాతో చెప్పుకొనుచున్నారు. ఈ బిడ్డకు లెక్కలు రావని తీర్పు చెప్పుటకు ముందు, రానిది లెక్కయో, లెక్కలోని మాటయో విచారింపవలయునని మా మనవి.

ఇంటియందు మనము "నాలుగింట మూడు వంతులు" అందుము. మొత్తమును ఎన్ని భాగములు చేసితిమో ముందు చెప్పి, ఎన్ని తీసికొంటిమో పిదప చెప్పుట మన వాడుక. ఆంగ్లమున "త్రీ ఫోర్త్స్" అని మూడు ముందు వచ్చును. "ఎనిమిదినుండి ఐదు తీసివేయుము" అన్నచో అంకెలు వ్రాయవలసిన వరుసనే వినబడును. "సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రమ్ ఎయిట్" అన్నచో ఐదే ముందు వినబడును. విన్న వరుసనే వ్రాసిన బాలుని పొరపాటు భాషయందే గాని బుద్ధియందు గాదు.

అట్లని తెలుగు పాఠ్యపుస్తకము చేతికిచ్చినంతనే చిక్కు తీరదు. హారమనగా బిడ్డ యెరిగినది మెడలోనిది; భిన్నమున అది గీత క్రింది సంఖ్య. వ్యాసమనగా తెలుగు తరగతిలో వ్రాయునది. లెక్కల తరగతిలో అది వృత్తమును కేంద్రముగుండ సరిసగముగా చీల్చు గీత. భుజమనగా తండ్రి బరువు మోయునది. త్రిభుజమున అది ప్రక్కగీత. ఈ భేదమును విప్పి చెప్పనిచో విద్యార్థి వల్లించును గాని గ్రహింపడు.

గణితము మన భాషకు క్రొత్తది గాదు. మహావీరాచార్యులు 9వ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అర, పాతిక, ముప్పాతిక మాత్రమే గాక, పదునారింట ఒక వంతునకు సైతము వీసమని మనకు పేరు గలదు.

ఆంగ్లపదములు వలదని మేము చెప్పుట లేదు. ఉన్నతవిద్యకు అవి కావలయును. ముందు పాతిక, తరువాత నాలుగింట ఒక వంతు, అటుపిమ్మట "వన్ ఫోర్త్" – ఈ మెట్లు తప్పరాదని మాత్రమే మా అభిప్రాయము.

కావున మన వసతిగృహములలో సాయంకాలము పాఠములు చెప్పువారు, లెక్క చేయించుటకు ముందు దానిని బిడ్డచేతనే ఇంటి మాటలలో చెప్పింతురు గాక. తల్లులు సంత లెక్కలను, వంటింటి కొలతలను బిడ్డలకు అప్పగింతురు గాక. విద్యార్థివేతనములకై విరాళములిచ్చుచున్న ఈ సభవారికి ఇందుకు కావలసినది ధనము గాదు, ఓర్పు. మాట తెలియని కారణమున మనలో ఏ బిడ్డయు చదువు మానకుండుగాక!